పరశురాం చెట్లు

మా తమ్ముడు పరశురాం కల్లు గీస్తాడే గానీ తాగడు. ఈ మాట ఇబ్రహీంపట్నంలో ఒక్కరు నమ్మితే ఒట్టు. తాటిచెట్టు దిగేసరికి వాడి మొహం, మెడ ఎర్రగా కందిపోయి ఉండేవి. "మొదటి లొట్టి కల్లు పైన్నే ఖతం చేసిండు" అని కల్లు మండువాలో అందరూ నవ్వేవాళ్లు. కల్లు గీసేవాడి మొహం ఎర్రబడితే ఎవరైనా ఇంకేం అనుకుంటారు? వాడూ నవ్వి ఊరుకునేవాడు. ఆపైన విరేచనాలు పట్టుకున్నాయి. వేడి చేసిందన్నారు, మజ్జిగ తాగమన్నారు. మాత్రలు మింగీ మింగీ మనిషి సగమయ్యాక, రెక్క పట్టుకుని పట్నం దవాఖానకు నేనే లాక్కుపోయాను.

స్కానింగులన్నీ అయ్యాక డాక్టర్ సింధూర నెమ్మదిగా చెప్పింది. చిన్నపేగులో గడ్డ. న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ అంటారట. కాలేయంలోనూ మచ్చలున్నాయి. అవి రక్తంలోకి వదిలే రసాయనాల వల్లే ఆ ఎరుపూ, విరేచనాలూ.

"క్యాన్సరేనండీ, కానీ నిదానంగా పెరిగే రకం. ఆపరేషన్ చేసి గడ్డ, మచ్చలు తీసేయొచ్చు. లేదంటే నెలనెలా ఇంజెక్షన్. దాంతో బాధలు తగ్గుతాయి, పెరగడం నెమ్మదిస్తుంది. కానీ గడ్డ అక్కడే ఉంటుంది, ఎప్పుడైనా పేగుకు అడ్డం పడొచ్చు. నేనైతే ఆపరేషనే మంచిదంటాను."

"ఆపరేషనైతే చెట్టు ఎప్పుడెక్కొచ్చు మేడం?"

"నడుముకు మోకు బిగించి ఎక్కుతారు కదా, కుట్లు గట్టిపడాలి. ఈ సీజన్ మాత్రం మర్చిపోండి."

"గట్లైతే సూదే ఇయ్యున్రి," అన్నాడు వాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. సాగర్ రోడ్డు బస్సులో దారి పొడుగునా తిట్టాను. "చెట్లు ముఖ్యమా, పానం ముఖ్యమారా నీకు?"

"గట్లంటవేందక్కా. పొద్దుమాపు గెల గియ్యకపోతే కల్లు బందైతది. నా చెట్టు ఇంకోడు ఎక్కుతడా?"

ఎక్కడు. అది మా గీత పనివాళ్ల కట్టుబాటు. ఒకరి చెట్టు మీద ఇంకొకరు కత్తి పెడితే దొంగతనం కిందే లెక్క. అడగడం వీడికి నామోషీ, అడగకుండా ఎక్కడం వాళ్లకు తప్పు.

సూదులతో ఎరుపు తగ్గింది. బాగైపోయిందని మండువాలో మీసం కూడా తిప్పాడు, పెద్ద మొనగాడు! ఒకనాడు మోకు బిగించగానే కడుపు పట్టుకుని చెట్టు మొదట్లోనే కూలబడ్డాడు. గడ్డ పేగును లాగుతోందనీ, ఇక ఆపరేషన్ ఆలస్యం చెయ్యొద్దనీ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అయినా వీడిది ఒకటే పాట, చెట్లల్లో కల్లు ఎండిపోతుందని.

ఇక లాభం లేదని నేనే మండువాకు పోయాను. వాడితో పాటు గీసే ఎల్లయ్య అక్కడున్నాడు.

"ఎల్లన్నా, మావోడు సచ్చినా అడగడు. నేనడుగుతున్న. వాని చెట్లు జర నువ్వు గియ్యి."

ఎల్లయ్య తల దించుకున్నాడు. "గీ మాట కోసమే చూస్తున్న చెల్లె. కాని వాడు రావాలె. చెట్టు కాడ నిలబడి ఎక్కమంటేనే ఎక్కుత."

ఆ రాత్రి ఎల్లయ్య మాట చెబితే వాడు నా మీద కస్సుమన్నాడు. తెల్లారి మాత్రం నాకంటే ముందే బయల్దేరాడు. చెరువు కట్ట కింద తన చెట్టు దగ్గర నిలబడ్డాడు. ఎల్లయ్య అప్పటికే మోకు పట్టుకుని అక్కడున్నాడు.

"ఎక్కన్నా," అన్నాడు చివరికి. "కట్ట దిక్కు గెల లేతది. జర పైలం."

ఎల్లయ్య ఎక్కుతుంటే వీడు తలెత్తి చూస్తూనే ఉన్నాడు. చూస్తూ చూస్తూ నా చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, ఇన్నేండ్లు నేను గింత ఎత్తు ఎక్కిననా?"

"అవ్ రా," అన్నాను. ఏడుపు ఆపుకోవడం నావల్ల కాలేదు.

"ఆపరేషన్ కాడికి గూడ నువ్వే రావాలె," అన్నాడు. "నాకు భయమైతుంది."