దేవదానన్న విన్న చప్పుడు

పద్దెనిమిదేళ్లుగా ఒక మాట నా లోపల ఉండిపోయింది. మా ఇంటావిడకు కూడా చెప్పలేదు. నిద్ర లేవగానే కొన్ని రోజులు గుర్తుండదు. పళ్లు తోముకునేలోపు గుర్తొస్తుంది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మధ్యలో ఎక్కడైనా నన్ను నేను సమర్థించుకుంటున్నట్టు అనిపిస్తే ఆ మాటలు నమ్మకండి.

ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా చేరినప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. పత్తి నుంచి గింజ వేరుచేసే మిల్లు అది. యంత్రాలకు నూనె, గ్రీజు పెట్టే పని దేవదానన్నది. అప్పటికి ఆయనకు యాభై అయిదు దాటాయి. తుగ్గలి దగ్గర పల్లె. చదువు రాదు. ఏ బేరింగు ఎలా ఉందో విప్పకుండానే చెప్పేవాడు. స్క్రూడ్రైవర్ మొనను బేరింగు పెట్టె మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. అంత రొదలోనూ ఆయనకు ఆ ఒక్క చప్పుడే వినపడేది. ఆదివారం వాళ్ల ఊరి చర్చిలో డోలక్ వాయించేవాడు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తమ డోలక్‌లు తెచ్చి ఆయన చేతే శ్రుతి చేయించుకునేవాళ్లు.

నాకు పని నేర్పింది ఆయనే. నేను ఐటిఐలో పుస్తకం చదివి పాసైనవాణ్ణి. ఆయన చెప్పింది ఆ పుస్తకంలోనూ ఉంది, కానీ నాకు అర్థమైంది ఆయన మాటల్లోనే.

"ఇనుము ఇనుమును తాకకూడదప్పా. నడుమ నూనె ఉండాల. నూనె ఉన్నంతసేపూ గుండ్లు దొర్లుతాయి. అది పోయిందంటే రాసుకుంటాయి. రాసుకుంటే ఉడుకు. ఈడ ఉండేది పత్తి, చూడు మల్ల."

గ్రీజు తక్కువైతే ఎంత చేటో ఎక్కువైనా అంతే చేటని, నిండా కూరితే బేరింగు లోపలి గుండ్లు తిరగలేక అదే వేడెక్కుతుందని, పెట్టెలో సగానికి మించి నింపొద్దని చెప్పేవాడు. అన్నిటికన్నా ముఖ్యం, గ్రీజు డబ్బా మూత తెరిచి ఉంచకూడదు. గ్రీజులో కలిసిన దుమ్ము నూనెలా పనిచేయదు, ఆకురాయిలా పనిచేస్తుంది. ఈ మాట ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

ఆ ఏడు పత్తి సీజన్ మంచి ఊపు మీద ఉన్నప్పుడు, ఒక నెల గ్రీజు పెట్టే పని దేవదానన్న నాకు అప్పగించాడు. ఒక మధ్యాహ్నం, నా చేతిలోంచి గ్రీజు డబ్బా జారి మిల్లు ఆవరణలో మట్టి మీద బోర్లా పడింది. స్టోరుకు పోయి వేరే డబ్బా అడగాలి. అడిగితే ఎందుకని అడుగుతారు. సీజన్ అయ్యాక నన్ను పర్మనెంటు చేస్తానని మేనేజరు అప్పుడే మాటిచ్చి ఉన్నాడు. మా ఆవిడకు అయిదో నెల. ఇవన్నీ కారణాలేనా? కాదు. నిజం చెప్పాలంటే బద్ధకం, కాస్త సిగ్గు. పైపైన మట్టి గీకేసి, ఆ గ్రీజునే బ్లోయరు బేరింగులో పెట్టాను.

బ్లోయరంటే పత్తిని గొట్టాల్లోంచి పీల్చి యంత్రాలకు అందించే పెద్ద ఫ్యాను. అది ఆగితే మిల్లంతా ఆగుతుంది.

వారం తర్వాత శనివారం సాయంత్రం దేవదానన్న నన్ను పిలిచాడు. స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చి బ్లోయరు బేరింగు మీద పెట్టి వినమన్నాడు. విన్నాను. పళ్ల కింద ఇసుక నలిగినట్టు చప్పుడు. చాలా సన్నగా, ఆగకుండా. వినపడగానే నాకు డబ్బా గుర్తొచ్చింది. బేరింగు విప్పితే గ్రీజులో ఇసుక కనపడుతుంది. ఆ నెల గ్రీజు పెట్టింది ఎవరో అందరికీ తెలుసు.

ఏమీ లేదన్నా, బాగానే ఉంది అన్నాను.

ఆయన మళ్లీ విన్నాడు. తల అడ్డంగా ఊపాడు. నేరుగా మేనేజరు దగ్గరకు పోయి, బ్లోయరు ఆపి విప్పాలన్నాడు. గేటు బయట పత్తి లారీలు వరుస కట్టి ఉన్నాయి. మేనేజరు విసుక్కున్నాడు. అయినా దేవదానన్న మాట తీసేయలేక, ఎలాగూ రేపు ఆదివారం సెలవు, సోమవారం పొద్దున నా ముందర విప్పండి అన్నాడు.

ఇక్కడిదాకా నాది తప్పు. ఇకముందు చేసింది తప్పు కాదు, దానికి వేరే పేరుండాలి. తప్పు జరిగిపోతుంది. ఇది నేను ఆలోచించి చేశాను.

ఆదివారం పది గంటలకు మిల్లుకు పోయాను. బెల్టులు బిగించాలని వాచ్‌మన్‌కు చెప్పాను. పాత సామాను గదిలో, పని ఆపేసిన ఇంకో బ్లోయరుకు అదే సైజు బేరింగు ఉంది, మంచిది. దాన్ని ఊడదీసి తెచ్చాను. చెడ్డదాన్ని పుల్లర్‌తో లాగేసి దీన్ని ఎక్కించాను. కొత్త గ్రీజు పెడితే అనుమానం వస్తుందని వేరే యంత్రం పెట్టెలోంచి నల్లబడ్డ గ్రీజు తీసి పూశాను. మధ్యాహ్నం రెండుకల్లా పని అయిపోయింది. లాగేసిన బేరింగును గోనెసంచిలో చుట్టి సైకిలు మీద తీసుకుపోయి ఊరి బయట ఒక పాడుబడ్డ బావిలో వేశాను. ఇంటికొచ్చి అన్నం తిన్నాను. బాగానే తిన్నాను, అది కూడా చెప్పాలి మీకు.

సోమవారం అందరి ముందర విప్పారు. గ్రీజు తుడిచి చూస్తే గుండ్లు అద్దంలా మెరుస్తున్నాయి. మేనేజరు వేలితో తిప్పితే బేరింగు చప్పుడు లేకుండా తిరిగింది. ఆయన కోప్పడలేదు. నవ్వాడు. వయసు మీద పడింది దేవదానం అన్నాడు. హమాలీలు కూడా నవ్వారు. దేవదానన్న గ్రీజును రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"శనివారం నీకేమీ ఇనపడలేదా అప్పా?"

"లేదన్నా," అన్నాను.

"నిజంగానా?"

"నిజంగానే అన్నా. ఏమీ లేదు."

ఆయన వేళ్లకంటిన గ్రీజును గుడ్డకు తుడుచుకున్నాడు.

"అట్లయితే నా సెవులే పోయినాయి," అన్నాడు.

నన్ను అనుమానించి ఉంటే బాగుండేది. నాలుగు తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. నేను అబద్ధం చెబుతానన్న ఆలోచనే ఆయనకు రాలేదు. నా మాటకూ తన చెవికీ మధ్య ఒకటి ఎంచుకోవాల్సి వచ్చి, నా మాటను ఎంచుకున్నాడు.

ఆ తర్వాత ప్రతి బేరింగు దగ్గరకూ నన్ను పిలిచేవాడు. నువ్వు ఇను అప్పా అనేవాడు. నేను విని ఉన్నదున్నట్టు చెప్పేవాణ్ణి. ఆయనకు వినపడేదీ అదేనని నాకు తెలుసు. మొదట్లో ఆయన కూడా విని, నా మాటతో పోల్చుకునేవాడు. కొన్నాళ్లకు వినడం మానేశాడు. స్క్రూడ్రైవర్ నాకిచ్చి పక్కన నిలబడేవాడు. సీజన్ అయ్యాక తనే మేనేజరు దగ్గరకు పోయి, నాకు సరిగా ఇనపడడంలేదు, ఈ అబ్బాయిని పెట్టుకోండి అని నన్ను చూపించాడు. నేను పర్మనెంటు అయ్యాను. ఆయన, భార్య మరియమ్మ ఎమ్మిగనూరులో కూతురింటికి పోయారు.

ఏడాదికొకసారి పోయి చూసేవాణ్ణి. ఎందుకు పోయేవాణ్ణి? ప్రేమ ఉంది, అబద్ధం కాదు. కానీ ఆయన ఇంకా నన్ను నమ్ముతున్నాడా లేదా చూసుకోవడానికి కూడా పోయేవాణ్ణేమో. పోయినప్పుడల్లా ఏదో ఒకటి కనపడేది. ఎవరైనా తలుపు కొడితే ఆయన లేచేవాడు కాదు. మరియమ్మ ముఖం చూసేవాడు. ఆమె తలుపు వైపు తల తిప్పితేనే లేచేవాడు. అక్కడి చర్చిలో డోలక్ వాయించమంటే వద్దన్నాడట. లేని చప్పుళ్లు వినే మనిషిని, నేను వాయిస్తే పాట చెడుతుంది అన్నాడట. కూతురు సుగుణమ్మ చెవుల డాక్టరుకు చూపించింది. పరీక్ష చేసి, ఈ వయసుకు బాగానే వినపడుతోందని చెప్పారు. ఆయన నమ్మలేదు. వాళ్లకేం తెలుసు, మిల్లులో జరిగింది నాకు తెలుసు కదా అన్నాడు. ఇది చెబుతూ నా వైపు చూసి, నువ్వు చెప్పప్పా అన్నట్టు నవ్వాడు. నేనూ నవ్వాను.

ప్రతి శ్రావణంలో ఉరుకుంద గుడికి పోయి ఈరన్న స్వామి ముందర నిలబడేవాణ్ణి. అక్కడ కూడా ఈ మాట నోటికి రాలేదు.

ఆరేళ్ల కిందట మరియమ్మ చనిపోయింది. పొద్దున ఇంటి వెనక స్నానాల గదిలో కాలు జారింది. సుగుణమ్మ బడిలో వంట చేసే పనికి పోయి ఉంది. ఇంట్లో ఆయన ఒక్కడే. సుగుణమ్మ మధ్యాహ్నం మూడింటికి వచ్చి చూసేదాకా ఆమె అక్కడే తడి నేల మీద పడి ఉంది. తుంటి ఎముక విరిగింది. కర్నూలు తీసుకుపోయారు. పన్నెండు రోజులకు పోయింది.

నేను పోయేసరికి ఆయన వాకిట్లో గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను. తనే మొదలుపెట్టాడు.

"ఇనపడిందప్పా. రెండు మాట్లు పిలిచినట్టే ఉండె. నా సెవులు కదా, ఉత్తదే ఉంటాదిలే అనుకుంటి."

ఆయన చెయ్యి పట్టుకున్నాను.

ఆ రోజే చెప్పి ఉండాల్సింది. ఎందుకు చెప్పలేదు? అప్పటికే కుమిలిపోతున్న మనిషి, నీ చెవులు బాగానే ఉన్నాయని చెబితే ఇంకా కూలిపోతాడు, చెవులు పోయాయన్న మాట ఒక్కటే ఆయన్ని కాస్త కాపాడుతోంది, అందుకే ఊరుకున్నానని ఆరేళ్లుగా నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఎంత దయగల కారణమో చూడండి. కానీ నిజం చెబితే ఆయన మీద ఉన్న బరువు నా మీదికి వచ్చేది. ఆమె పిలిస్తే ఆయన లేవకపోవడానికి కారణం ఆయన కాదు, నేను. అది చెప్పడానికే నాకు భయమేసింది.

పోయిన నెల దేవదానన్న చనిపోయాడు. మట్టి చేసే ముందు, మిల్లులో కలిసి పనిచేసినవాడివి, రెండు మాటలు చెప్పమన్నాడు పాస్టరు. మంచివాడు, పనిమంతుడు, నాకు పని నేర్పినాడు అన్నాను. అంతకుమించి రాలేదు.

ఇక్కడిదాకా రాసి నాలుగు రోజులు ఆపేశాను. ఎవరో తెలియని మీకు ఇంత చెప్పాను. ఈ మాట దక్కాల్సిన మనిషి ఒకామె ఇంకా ఎమ్మిగనూరులో ఉంది కదా అని కూర్చోలేకపోయాను. నిన్న పోయాను.

సుగుణమ్మ బడి నుంచి అప్పుడే వచ్చి ఉంది. రాన్నా అని మంచం వాల్చింది. టీ పెడతానంటే వద్దని, ముందు కూర్చోమని, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. డబ్బా పడటం, శనివారం నాకూ చప్పుడు వినపడటం, ఆదివారం బేరింగు మార్చడం, వాళ్ల నాయన విన్నది నిజమేనన్నది. చెబుతున్నంతసేపూ ఆమె కొంగు అంచును మడుస్తూ విప్పుతూ ఉంది. అయిపోయాక అడిగింది.

"మా అమ్మ పోయినప్పుడు నువ్వు ఈడికి వచ్చింటివి కదన్నా?"

"వచ్చింటి."

"మా నాయన నీతో సెప్పినాడు కదా, ఇనపడిందని."

"సెప్పినాడు."

ఆమె తిట్టలేదు, ఏడవలేదు. లేచి లోపలికి పోయింది. అలమరలో గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినపడింది, తర్వాత అదీ ఆగిపోయింది. నేను ఆ మంచం మీద ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. వీధిలో ఎండ తగ్గింది. ఆమె బయటికి రాలేదు. పొమ్మనలేదు, ఉండమనలేదు. పోయొస్తానమ్మా అని వాకిట్లో నిలబడి చెప్పాను. చెప్పులేసుకుని బస్టాండుకు నడిచి ఆదోని బస్సు ఎక్కాను.

క్షమించమని నేను అడగలేదు. అడిగే హక్కు లేదని కాదు, ఆ మాట అప్పుడు గుర్తే రాలేదు. ఇంటికొచ్చి మా ఆవిడకు కూడా చెప్పాను. ఆమె ఇప్పటిదాకా నాతో మాట్లాడలేదు. మాట్లాడుతుందో లేదో తెలియదు. గుండె తేలికైందా అంటే, లేదు. పొద్దున లేవగానే మళ్లీ గుర్తొచ్చింది. ఒక్కటే తేడా. ఆ శనివారం దేవదానన్న విన్న చప్పుడు నిజమేనన్న సంగతి పద్దెనిమిదేళ్లు ఈ లోకంలో నా ఒక్కడికే తెలుసు. ఇప్పుడు ఆయన కూతురికి తెలుసు.