ఒక్కసారే తిరిగే క్యాసెట్టు

మా డెల్టా తేమకు వీడియో క్యాసెట్లకు బూజు పట్టడం వింతేమీ కాదు గాని, దీనికి మరీ ఎక్కువ పట్టింది. గుడివాడలో క్యాసెట్లు బాగుచేసే ఆయన దాన్ని విప్పి తుడిచి, "ఇంకొక్కసారి తిరుగుతుందండీ. మధ్యలో ఆపారంటే అంటుకుపోతుంది, ఇక కదలదు" అని చెప్పి పంపాడట. మావయ్యగారూ అత్తయ్యగారూ దాన్ని తువ్వాలులో చుట్టుకుని కూచిపూడి నుంచి బందరు వచ్చారు, మా ఇంటికి. చుట్టరికం ఏమీ లేదు. మా అమ్మమ్మగారి ఊళ్ళో పక్కిల్లు వాళ్ళది, అంతే. నేను కాలేజీలో కంప్యూటర్లు చెప్పేదాన్ని. ఇంట్లో లినక్స్‌తో నడిచే కంప్యూటర్ ఒకటి ఉండేది, దానికి టీవీ కార్డు ఉండేది. వీసీఆర్ తగిలిస్తే క్యాసెట్టులోని బొమ్మ డిస్కులోకి ఎక్కుతుంది.

మావయ్యగారు ఒకప్పుడు ఆడవేషానికి పేరు మోసిన మనిషి. మోకాళ్ళు పోయాక మానేశారు. ఆయన ఆటను వీడియో తీసింది ఆ ఒక్కసారే. చీర కట్టి, జడ వేసి, గజ్జెలు బిగించి ఆయన్ని రంగం మీదికి పంపేది అత్తయ్యగారు. పంపాక మంచినీళ్ళూ తువ్వాలూ పట్టుకుని లోపలే నిలబడేవారు. ఇంట్లో వీసీఆర్ లేదు, ఉన్నవాళ్ళను అడిగే అలవాటు ఆవిడకు లేదు.

"ఎదురుగా కూర్చుని ఒక్కసారీ చూళ్ళేదమ్మాయ్" అన్నారు కుర్చీ ముందుకు జరుపుకుంటూ.

"ఎంతసేపుంటుంది మావయ్యగారూ?" అని ముందే అడిగాను.

"అరగంట" అన్నారాయన తడుముకోకుండా.

డిస్కులో అంతకు రెండింతల చోటుంది. ధీమాగా మొదలుపెట్టాను. ప్రార్థన అయింది. రంగపూజ అయింది. సూత్రధారుడు వచ్చాడు, ఒక పట్టాన వెళ్ళడు. అరగంట దాటింది, మావయ్యగారి జాడ లేదు.

"మీరెప్పుడొస్తారు మావయ్యగారూ?"

"ఇంకా చాలా ఉంది. నేను చేసేది అరగంటన్నాను."

నాకు ఒళ్ళు మండింది. ఆటగాళ్ళకు తాము ఆడిందే ఆట, మిగతాది లెక్కలోకి రాదు కాబోలు. పెద్దాయన్ని ఏమంటాను? బొమ్మ పక్కనే ఆదేశాలు కొట్టే చిన్న కిటికీ తెరిచి మిగిలిన చోటు చూశాను. అది ఆయన వచ్చేలోపే అయిపోయేలా ఉంది. డిస్కు నిండితే రికార్డింగ్ ఆగిపోతుంది. క్యాసెట్టును ఆపి నిలబెట్టే వీలు లేదు. మళ్ళీ తిప్పే వీలు అసలే లేదు.

ఇక తుడవడం మొదలుపెట్టాను. ఇన్‌స్టాల్ చేసేశాక కూడా ప్రోగ్రాముల మూటలు లినక్స్ ఒక మూల దాచుకుంటుంది. వాటితో ఇక పని లేదు, ఒక్క ఆదేశంతో పోయాయి. కొంత చోటు వచ్చింది. చూసేసిన వెబ్ పేజీల నకళ్ళు బ్రౌజర్ దగ్గరున్నాయి, అవీ పోయాయి. అయినా చాలదు.

నా పేరున, తాత్కాలిక ఫైళ్ళు దాచే క్యాష్ అని ఒక ఫోల్డరుంది. అందులో ఉండేవన్నీ మళ్ళీ పుట్టించుకోగలిగినవే, పిల్లలకు నేనే పాఠం చెప్పాను. మొత్తం తుడిచెయ్యమని గబగబా కొట్టాను. ఎంటర్ మీద వేలు పెట్టాక, అసలు లోపల ఏముందో చూద్దామనిపించింది. చూస్తే, ఈ రికార్డింగ్ ప్రోగ్రాం తాను రాస్తున్న ఫైలును కూడా అక్కడే పెట్టింది. కొట్టిన ఆదేశాన్ని చెరిపేశాను. ఆ ఒక్కదాన్నీ వదిలి, మిగతావాటిని పేరు పేరునా చూసి తీసేశాను. తొందరలో ఉన్నవాడికి లినక్స్‌లో జాలి చూపించేవాళ్ళు ఉండరు.

"అమ్మాయ్, ఆ నల్ల కిటికీ కాస్త పక్కకు తియ్యి, తెర పట్టారు" అన్నారు అత్తయ్యగారు.

ఇద్దరు మనుషులు తెర పట్టుకుని నిలబడ్డారు. తెర వెనక నుంచి మావయ్యగారి గజ్జెల చప్పుడు. అత్తయ్యగారు పైట సర్దుకుని ముందుకు వంగారు. మిగిలిన చోటు మళ్ళీ చూశాను. చివరి దాకా రాదు.

అప్పుడు కనిపెట్టాను. కంప్యూటర్ తెర మీద బొమ్మ చూపించడానికి కూడా ఈ ప్రోగ్రాం విడిగా ఒక నకలు దాస్తోంది, వెనక్కి తిప్పి చూసుకోవచ్చునని. డిస్కు నిండితే రికార్డింగ్‌తో పాటు బొమ్మా ఆగిపోతుంది. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టుంది వ్యవహారం. బొమ్మ ఆపేస్తే ఆ నకలు పోతుంది, రికార్డింగ్‌కు కావలసినంత చోటు మిగులుతుంది. కాని ఆవిడ చూడాలని వచ్చిందే ఆ బొమ్మ. ఆపితే, ఒకవేళ రికార్డింగ్ చెడితే, ఆవిడకు అదీ లేదు, ఇదీ లేదు. అడగాలంటే భయం వేసింది. అడిగాను.

"అత్తయ్యగారూ, ఇప్పుడు చూస్తే సగమే చూస్తారు. ఆపితే తర్వాత మొత్తం చూడొచ్చు. నూటికి నూరుపాళ్ళూ అని మాత్రం చెప్పలేను."

ఆవిడ ఆయన వంక చూశారు. తర్వాత నా వైపు తిరిగి, "ఆపెయ్యమ్మా" అన్నారు.

తెర దిగుతుండగా బొమ్మ ఆరిపోయింది. జనం చప్పట్లు మాత్రం వినిపించాయి. ఆ తర్వాత అంతా చప్పుడే, మృదంగం, గజ్జెలు, వీసీఆర్ లోపలి కీచుమనే శబ్దం. ఆ కీచు పెరిగినప్పుడల్లా నేను ఊపిరి బిగబట్టాను. అత్తయ్యగారు నల్లని తెర వంకే చూస్తూ కూర్చున్నారు. ఆవిడకు చప్పుడు మాత్రమే వినడం అలవాటేనని తోచి నా మీద నాకే కోపం వచ్చింది.

మంగళం పాడుతుండగా క్యాసెట్టు పుటుక్కున తెగింది. నేను వెంటనే రికార్డింగ్ ముగించి ఫైలును తెరిచాను. ఉంది. తెర పట్టిన చోటికి జరిపి వదిలాను.

చూస్తున్నంతసేపూ అత్తయ్యగారు ఒక్క మాటే అన్నారు. "జడ ఎడమకు వాలింది. నేనే గట్టిగా ముడెయ్యలేదు." మావయ్యగారు తెర మీది తనను చూడటం మానేసి, చూస్తున్న ఆవిడను చూడసాగారు.

ఆట అయిపోయింది. ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు.

"ఇది మళ్ళీ తిరుగుతుందా అమ్మాయ్?"

"ఎన్నిసార్లయినా తిరుగుతుందండీ."

"అయితే మొదటి నుంచీ వెయ్యి."

"చీకటి పడుతోందే, బస్సు పోతుంది" అన్నారు మావయ్యగారు లేవబోతూ.

"పోనివ్వండి" అన్నారు ఆవిడ తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా. "ఇన్నేళ్ళూ మీ కోసం నేను లోపల నిలబడ్డాను. ఇవాళ నా కోసం మీరు కాసేపు కూర్చోండి."

ఆయన కూర్చున్నారు.