తాళింపు వాసన

ఆవాలు చిటపటమంటే చాలు, నేను కొల్లేటి ఒడ్డున మా ఊళ్ళో ఉంటాను.

నా చిన్నప్పుడు ఒక ఏడు ఊరంతా మశూచి. పక్కింటి సీతకీ అమ్మవారు పోసింది. తాళింపు ఘాటు అమ్మవారికి పడదట. చెయ్యగలిగింది అదొక్కటే కాబట్టి, సీత కోసం వీధి వీధంతా తాళింపు మానేసింది. చప్పిడి పప్పు చూసి నేను రోజూ ఏడుపే.

"అమ్మవారు వెళ్ళాక వేస్తానే, తిండిపోతూ!" అనేది అమ్మ. చివరికి నన్ను భీమడోలు మామ్మ దగ్గరికి పంపేశారు.

తిరిగొచ్చి బండి దిగేసరికి వీధి నిండా తాళింపు వాసన! అయితే సీతకి తగ్గిపోయిందన్నమాట. అమ్మ ఏదో చెప్పబోతున్నా వినకుండా, పప్పు రెండుసార్లు వడ్డించుకు తిని పక్కింటికి పరిగెత్తాను.

"పిన్నిగారూ, సీతని ఆటకి పంపండీ!"

సీత వాళ్ళమ్మ నన్ను దగ్గరికి తీసుకుని, మూతికంటిన పప్పు కొంగుతో తుడిచారు.

"సీతని అమ్మవారు తీసుకెళ్ళిపోయిందమ్మా. ఆ తర్వాత కూడా ఎవరూ తాళింపు వెయ్యకపోతే, నువ్వొస్తున్నావని నేనే వెయ్యమన్నాను. కడుపునిండా తిన్నావా?"

ఇప్పటికీ ఆ వాసన తగిలితే నాకు ముందు ఆకలేస్తుంది. సీత ఆ తర్వాతే గుర్తొస్తుంది.