సమాధులకీ పబ్బుకీ మధ్య

మా కింది వాటాలో ఉండే పిల్ల మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చేసరికి నేను వంటింట్లో పెసరట్లు వేస్తున్నాను.

"ఆంటీ, ట్రయల్‌కి పిలిచిన్రు! శనివారం! టూర్ గైడ్!"

"అంటే ఏం చెయ్యాలే?"

"ఊరంతా తిప్పి చూపెట్టాలె. స్కాట్లాండోళ్ళ కథ చెప్పాలె. కోట, పాత ఇండ్లు, సమాధులు, ఆఖరికి పబ్బు."

"నువ్వా? స్కాట్లాండు వాళ్ళ కథా?"

"మరెవరు చెప్తరు? వాళ్ళ పిల్లలకు ఇనే ఓపికే లేదట."

ఇద్దరం నవ్వుకున్నాం. పెసరట్టు మాడింది.

ఆ యేడాది, విదేశంలో మేముంటున్న హాలిఫాక్స్ ఊళ్ళో ఏ ఇంటి బేస్‌మెంటు చూసినా చదువుకునే పిల్లలే. కాఫీ కొట్టులో ఒక్క పని ఖాళీ అయితే వీధి మలుపు దాకా వరుస కట్టేవారు. సిద్దిపేట వైపు నుంచి వచ్చిన ఈ పిల్ల నాలుగు నెలలుగా అలాంటి వరుసల్లోనే నిలబడుతోంది. వేసవికి కూడా ఏదీ దొరక్కపోతే, విమానంలో రెండు గంటల దూరాన ఉన్న బ్రాంప్టన్ వెళ్ళిపోతానంది. అక్కడ గోదాములో పని చూపిస్తానని స్నేహితురాలు పిలుస్తోందట. అలా వెళ్ళిన పిల్లలెవరూ తిరిగి రావడం లేదు. అక్కడే ఏదో కాలేజీకి మారిపోయి ఉండిపోతున్నారు.

నాకు అది ఇష్టం లేదు. మా కూతురూ అల్లుడూ పొద్దున్నే ఆసుపత్రి పనికి వెళ్ళిపోతే ఇంట్లో మిగిలేది నేనూ, కింద ఆ పిల్లా. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. ఇంగ్లీషు అక్షరాలు నేర్పింది ఈ పిల్లే. సాయంత్రం పూట నా పక్కన కూర్చుని, పాల డబ్బా మీదా సబ్బు కాగితం మీదా ఉన్న మాటలు చదివించేది. తప్పు చదివితే నవ్వేది, కానీ మళ్ళీ చదివించేది.

టూర్లు నడిపే ఆవిడ దానికి పన్నెండు కాగితాలు ఇచ్చింది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగాలి, ఏం చెప్పాలి అంతా అందులో ఉంది. దారి మార్చకూడదని గట్టిగా చెప్పిందట. మంగళవారం ఆ పిల్ల నన్ను కూడా బయల్దేరదీసింది.

"మీకు సమజైతే అందరికి సమజైనట్టే ఆంటీ."

"అంటే నేనంత మొద్దుననా?"

"మొద్దు కాదు, ఫ్రెష్!"

కోట ఊరి నడిమధ్యన గుట్ట మీద ఉంది. నక్షత్రం ఆకారంలో కట్టిన రాతి గోడలు, పైనుంచి చూస్తే హార్బరు, అందులో అటూ ఇటూ తిరిగే ఫెర్రీ. గేటు దగ్గర కాపలా ఉన్న కుర్రాడు పాతకాలపు స్కాట్లాండు సిపాయి వేషంలో, గళ్ళ పావడా, మోకాళ్ళ దాకా మేజోళ్ళు, నెత్తిన నల్ల ఈకల టోపీతో రాయిలా నిలబడ్డాడు. మే నెలే గానీ గాలి మాత్రం చాకులా ఉంది.

"మోకాళ్ళకి చలెయ్యదా ఆ అబ్బాయికి?"

"ష్, ఆంటీ! ఇనిపిస్తది."

"వినిపిస్తే ఏం, తెలుగేగా."

సరిగ్గా పన్నెండుకి ఫిరంగి పేల్చారు. రోజూ పేలుస్తారట. నాకు ముందు చెప్పలేదు. నేను అందిన దాన్ని పట్టుకున్నాను. అది ఆ పిల్ల జడ.

ఇక కథ మొదలుపెట్టింది. టేపు రికార్డరు వేసినట్టు ఆగకుండా చెప్పుకుపోయింది. ఈ రాష్ట్రం పేరుకి అర్థమే కొత్త స్కాట్లాండు అట. ఫలానా సంవత్సరం ఫలానా ఓడ, ఫలానా దొర. నేను మధ్యలో ఆపాను.

"వాళ్ళు అసలు ఊరెందుకు వదిలారే?"

"గొర్రెల కోసం ఆంటీ. జమీందార్లకు గొర్రెలు పెంచితే లాభం ఎక్కువని కౌలు రైతులను ఎళ్ళగొట్టిన్రు."

"గొర్రెల కోసం మనుషుల్నా!"

"అవును."

"మరి ఓడలో ఏం తిన్నారు? బాలింతలు ఎవరైనా ఉన్నారా?"

"అవన్నీ పేపర్ల లేవు ఆంటీ. మీరు మధ్యల ఆపితే నేను మర్చిపోత."

గుట్ట దిగి ఉత్తరం వైపు వీధుల్లోకి వెళ్ళాం. చెక్క ఇళ్ళు ఒకదాన్ని ఒకటి ఆనుకుని ఉంటాయి. ఒకటి పసుపు, పక్కది ఊదా, ఆ పక్కది పండు మిరప రంగు. పైకప్పులోంచి ఐదు పలకల కిటికీ బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. అది స్కాట్లాండు పనివాళ్ళు తెచ్చిన పద్ధతట. ఆ కిటికీలో కూర్చుంటే వీధి రెండు చివరలూ కనిపిస్తాయి. ఎవరింటికి ఎవరు వస్తున్నారో చూడడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు నేను ఎక్కడా చూడలేదు. ఆ మాటంటే పిల్ల నవ్వి, కాగితం అంచున ఏదో రాసుకుంది.

తర్వాత పాత సమాధుల తోట. గేటు దగ్గర రాతి కమాను, దాని మీద సింహం. నేను అక్కడే ఆగిపోయాను.

"దీని తర్వాత పబ్బు అన్నావు కదూ?"

"అవును."

"ఇక్కడికొచ్చి, స్నానం చెయ్యకుండా తినడమా?"

"అయ్యో ఆంటీ, వీళ్ళు చచ్చిపోయి రెండొందల ఏండ్లయింది!"

"అయితే ఏంటే? చనిపోయినవాళ్ళు చనిపోయినవాళ్ళే."

లోపలికైతే వెళ్ళాను. పలచటి నల్లరాళ్ళు కొన్ని పక్కకి ఒరిగి ఉన్నాయి. వాటి మీద రెక్కలున్న పుర్రె బొమ్మలు. అక్షరాలు నాచు పట్టినా కొన్ని తెలుస్తున్నాయి. నేను వంగి ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివాను. ఒక రాయి కింద స్కాట్లాండు నుంచి వచ్చిన ఇల్లాలు ఉంది. ఆవిడతో పాటు ఆవిడ పిల్లలు నలుగురు. పెద్దదానికి ఆరేళ్ళు.

"ఈవిడ గురించి చెప్పవా?"

"ఈమె పేపర్ల లేదు ఆంటీ. మిలిటరీ జనరల్సే ఉన్నరు."

గేటు దాటాక పబ్బు నాలుగు అడుగుల దూరం. నేను బస్సు స్టాపు వైపు నడిచాను. ఆ పిల్ల బతిమాలింది, కోప్పడింది, చివరికి నా వెనకే బస్సెక్కింది. ఇంటికి వెళ్ళి తలస్నానం చేసి, తడి జుట్టు మీద ఉన్ని టోపీ పెట్టుకుని, మళ్ళీ బస్సులో వచ్చాం. మూడు గంటల టూరు ఐదున్నర గంటలు పట్టింది.

పబ్బంటే తాగి తూలేవాళ్ళు ఉంటారనుకున్నాను. తీరా చూస్తే ఒక మూల ముసలమ్మ స్వెట్టరు అల్లుకుంటోంది. ఇంకో మూల ఒక పాప కుర్చీలో నిలబడి బంగాళాదుంప ముక్కలు తింటోంది. నల్లటి చెక్క దూలాలు చేతికందేంత కిందికి ఉన్నాయి. వేడివేడి చేప వేపుడు తెచ్చారు. తాగడానికి అల్లం పానకం లాంటిది తెచ్చారు, ముక్కులోకి ఘాటు ఎక్కింది. ఒకాయన ఫిడేలు తీశాడు. అంత హుషారు ఫిడేలు నేనెప్పుడూ వినలేదు. పైకి గుంభనంగానే కూర్చున్నాను గానీ, బల్ల కింద నా పాదం నా మాట వినలేదు.

"శనివారం నేను నీళ్ళ సీసా తెచ్చుకుంటాలే," అన్నాను. "గేటు దగ్గర కాళ్ళు కడుక్కుని నెత్తిన చల్లుకుంటే చాలు."

పిల్ల మొహం పాలిపోయింది. "అందరి ముంగటనా? దండం పెడత ఆంటీ. టూర్లు నడిపే ఆమె పేపర్ పట్టుకొని ఎనకనే నడుస్తది. మీరు శనివారం రాకండి."

నాకు కోపం వచ్చింది. రెండు రోజులు కిందికి దిగలేదు. శుక్రవారం సాయంత్రం అదే పైకి వచ్చింది.

"రండి ఆంటీ. ఒక్క తెలిసిన మొహమన్న ఉండాలె. కానీ కాళ్ళు కడగొద్దు."

"కడగను."

"ఒట్టు?"

"ఒట్టు. పబ్బులో ఏమీ ముట్టకుండా కూర్చుంటాను."

శనివారం ఎనిమిది మంది వచ్చారు. టూర్లు నడిపే ఆవిడ పొట్టి తెల్ల జుట్టుతో, వాన కోటుతో అందరి వెనకా నడిచింది. ఆవిడ చేతిలో అట్ట, దాని మీద కాగితం. పిల్ల ఇంగ్లీషు నాకు సగమే అర్థమవుతుంది గానీ, టేపు రికార్డరు మళ్ళీ మొదలైందని మాత్రం తెలిసింది. జనం కోట గోడలు చూస్తున్నారు, మబ్బులు చూస్తున్నారు. గళ్ళ టోపీ పెట్టుకున్న ముసలాయన ఒకాయన ఏదో సంవత్సరం తప్పని సరిదిద్దాడు. పిల్ల గబగబా కాగితాలు తిప్పింది. ఒకటి గాలికి ఎగిరిపోయింది. వెనక ఆవిడ ఏదో రాసుకుంది. ఇళ్ళ దగ్గరా అంతే, ఐదు పలకల కిటికీ సంగతే మర్చిపోయింది. ఇక ఈ పిల్ల బ్రాంప్టన్ వెళ్ళినట్టే అనుకున్నాను.

సమాధుల తోట అయింది. అందరూ గేటు దాటి పబ్బు వైపు కదిలారు. నేనూ కదలాలి. ఒట్టు వేశాను కూడా. కానీ ఏళ్ళ తరబడి ఉన్న అలవాటు, కాళ్ళు ముందుకి పడలేదు. సీసా సంచీలోనే ఉంది. తీసుకురాననైతే ఒట్టు వెయ్యలేదు. రాతి కమాను చాటుకి వెళ్ళి, గోడకి చెయ్యి ఆనించి, ఒంటికాలి మీద నిలబడి బూటు విప్పాను. మేజోడు విప్పాను. చన్నీళ్ళు పోసుకుంటే ప్రాణం జివ్వుమంది. రెండో కాలు కడుగుతుండగా పక్కన వాన కోటు కనిపించింది.

ఆవిడ నన్ను చూసి కంగారు పడి, దెబ్బ తగిలిందా అని గట్టిగా అడిగింది. ఎనిమిది మందీ వెనక్కి తిరిగారు. ఒక చేతిలో సీసా, ఒక చేతిలో బూటు, నేను కొంగలా నిలబడి ఉన్నాను. పిల్ల పరుగెత్తుకొచ్చింది.

"ఆంటీ! ఒట్టేసిన్రు కద!"

"చాటుకి వచ్చానే."

నా వల్లే పని పోయిందనుకున్నాను. సిగ్గుతో తల ఎత్తలేదు. ఆ పిల్ల కాగితాలు మడిచి జేబులో పెట్టుకుంది. అప్పుడు మాట్లాడింది. ఏం చెప్పిందో నాకు తర్వాత వివరంగా చెప్పింది. మా ఇళ్ళల్లో ఇలా చేస్తారని, వెళ్ళిపోయినవాళ్ళని అంత మాత్రం గుర్తు పెట్టుకోవాలని, మంగళవారం నేను తలస్నానం కోసం తనని ఇంటి దాకా తీసుకెళ్ళి మళ్ళీ తీసుకొచ్చానని చెప్పిందట. బస్సు సంగతి వచ్చేసరికి అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వులో ఎగతాళి లేదు. అది నాకు ఏ భాషలోనైనా తెలుస్తుంది.

గళ్ళ టోపీ ఆయన ముందుకి వచ్చాడు. వాళ్ళ నాయనమ్మ ఇంట్లో ఎవరైనా పోతే గడియారం ఆపేసేదట, అద్దాల మీద గుడ్డ కప్పేదట. శవం గుండెల మీద పళ్ళెంలో ఉప్పు పెట్టేదట. ఆ ఉప్పు ఎందుకో ఆయనకీ తెలియదట. ఇంకొకావిడ, వాళ్ళ ఇంట్లో అయితే కిటికీ తెరిచేవారంది. పిల్ల ఒక్కొక్కరినీ అడిగింది. ఎందుకు తెరిచేవారు, ఎవరు తెరిచేవారు, తర్వాత ఏం వండేవారు. మంగళవారం నేను దాన్ని విసిగించిన ప్రశ్నలే. ఆ తర్వాత అందరినీ మళ్ళీ తోటలోకి తీసుకెళ్ళి, నలుగురు పిల్లల తల్లి రాయి దగ్గర నిలబెట్టింది. గొర్రెల సంగతి అక్కడ చెప్పింది. ఎవరూ మబ్బులు చూడలేదు.

నాకైతే రెండోసారి కాళ్ళు కడుక్కోవాల్సి వచ్చింది. ఈసారి గళ్ళ టోపీ ఆయనే సీసా పట్టుకుని నీళ్ళు పోశాడు. ఇద్దరు ఆడవాళ్ళు కూడా చేతులు చాపి నీళ్ళు పోయించుకున్నారు.

పబ్బులో టూర్లు నడిపే ఆవిడ పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని కాగితం చూసి చదివింది. సంవత్సరాలు మూడు తప్పు. కోట దగ్గర గొంతు వినబడలేదు. ఇళ్ళ దగ్గర ముఖ్యమైనది వదిలేసింది. దారి మార్చి వెనక్కి తిప్పింది, టైము దాటింది. పిల్ల తల ఊపుతూనే ఉంది. చివర్న ఆవిడ అట్ట బోర్లా పెట్టి చెప్పింది. వాన పడే మధ్యాహ్నాలూ, ఎవరికీ అక్కర్లేని సోమవారాలూ ముందు ఇస్తానంది. సంవత్సరాలు నేర్చుకుంటే జూలైలో శనివారాలు ఇస్తానంది. సోమవారం పదింటికి రావాలంది.

పిల్ల అక్కడే బ్రాంప్టన్‌కి ఫోను చేసింది. ఫిడేలు మొదలైపోవడంతో అరవాల్సి వచ్చింది.

"నేనొస్తలేనే! ఏ... రాను అంటున్న! పని దొరికింది! ఏం పనా? దయ్యాల కథలు చెప్పే పని! లే, తాగలే! పెండ్లి కాదు, పబ్బు! ఆంటీతోని వచ్చిన!"

అవతలి పిల్ల ఏమందో గానీ, ఇది ఫోను నా చెవికి ఆనించింది.

"ఆంటీ, మీరు కూడా పబ్బులనా?" అంటోంది అవతలి పిల్ల.

"అవునమ్మా. చేప బాగుంది. నువ్వే ఇటు వచ్చెయ్," అన్నాను.