డిస్కులకు దిష్టి తీసిన మేనేజరు

ముందు నా తెలివితక్కువతనం చెప్పుకుంటాను. అప్పుడు ఇంకొకరిని వెక్కిరించడానికి కాస్త అర్హత వస్తుంది. కర్నూలులో పాత కంప్యూటర్లు కొని, బాగుచేసి అమ్మే దుకాణం నాది. తొమ్మిదేళ్ళ పాటు చేతికొచ్చిన ప్రతి పాత హార్డ్ డిస్కునూ ఫార్మాట్ కొట్టి, 'ఇందులోని సమాచారమంతా శాశ్వతంగా చెరిపివేయడమైనది' అని కాగితం రాసి, కింద సంతకం గిలికేవాణ్ణి. ఆ 'శాశ్వతంగా' మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ. దాన్ని మాత్రం లావు అక్షరాల్లో కొట్టేవాణ్ణి. చెరపకురా చెడేవు అన్నారు పెద్దలు. చెరపడమే బతుకుదెరువుగా పెట్టుకున్నవాడు చెడకుండా ఎట్లా ఉంటాడు? కాకపోతే నాకు తొమ్మిదేళ్ళు పట్టింది.

ఒకరోజు కడప నుంచి ఫోటో స్టూడియో ఆయన ఒకరు దుకాణానికి వచ్చాడు. నెల కిందట నా దగ్గరే ఒక పాత డిస్కు కొన్నాడు. దాంట్లో తన ఫోటోలేవో పొరపాటున పోతే, ఇంటర్నెట్లో ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఏదో వేసి వెతికాడట.

"నావి దొరకలేదన్నా. నీ పెండ్లి ఫోటోలు దొరికినాయి," అన్నాడు. "అన్నీ బాగుండాయి. తాళి కట్టేటప్పుడు నువ్వు మాత్రం యాడో చూస్తాండావు."

అది నా సొంత డిస్కు. నేనే ఫార్మాట్ కొట్టి, శాశ్వతంగా అని నేనే రాసి అమ్మింది. ఫార్మాట్ అంటే పుస్తకంలో విషయసూచిక ఒక్కటి చింపేసి, పుస్తకం కాల్చేశామని చేతులు దులుపుకోవడమని ఆ రోజు అర్థమైంది. నిజంగా చెరపాలంటే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ప్రతి గీత మీదా సున్నాలు రాసుకుంటూ పోవాలి. ఆ తొమ్మిదేళ్ళలో ఎవరెవరి పెండ్లిళ్ళు ఎవరెవరి ఇళ్ళకు పంపించానో తలుచుకుంటే ఇప్పటికీ ముద్ద దిగదు.

బుద్ధొచ్చి, పదహారు డిస్కులు ఒకేసారి గుచ్చే పెట్టె ఒకటి తెచ్చాను. అన్నింటి మీదా సున్నాలు రాస్తుంది, రాసింది మళ్ళీ చదువుతుంది, సున్నా తప్ప ఇంకేమీ లేదని నమ్మకం కుదిరాక డిస్కు నంబరుతో సహా ధ్రువపత్రం ఇస్తుంది. చదువుకునే రోజుల్లో లెక్కల పరీక్షలన్నింటిలో సున్నాలే తెచ్చుకున్నవాడికి ఇంతకంటే తగిన పెట్టె దొరకదు.

పెట్టె వచ్చిన కొద్ది నెలలకే కడపలోని ఒక స్కానింగ్, రక్తపరీక్షల సెంటరు నుంచి పిలుపు. దానికి రాజంపేటలో, డోన్‌లో, ఇంకా నాలుగైదు ఊళ్ళలో శాఖలున్నాయి. కంప్యూటర్లన్నీ మార్చేస్తున్నారు. పాతవాటి నుంచి ఊడదీసిన డిస్కులు మూడు వందలు, మేడ మీద గదిలో నాపరాళ్ళ మీద కుప్పగా పోసి ఉన్నాయి, చెనక్కాయల మాదిరి.

మేనేజరు గారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయనకు కంప్యూటరు తెరవడం రాదు. మూయడం మాత్రం వచ్చు, స్విచ్చు గోడ దగ్గర ఉంటుంది కాబట్టి. అయినా 'సమాచార భద్రత' అనే మాట ఆయన నోట్లో ఎప్పుడూ వక్కపలుకులా నలుగుతూ ఉండేది. గురువారం నేను పెట్టె దించుతుంటే ఆయన చెప్పిన భద్రత ఇది: శనివారం సాయంత్రానికి పాతసామాన్ల వ్యాపారి వచ్చి డిస్కులన్నీ తీసుకుపోతాడు, ఆలోగా నేను తుడిచి, మూడు వందలకూ సంతకం పెట్టాలి.

"ఒక్కో దఫా పదహారు, సార్. దఫాకు మూడు గంటలు. వారం పడుతుంది," అన్నాను.

"మూడు గంటలా? నా ఫోన్లో ఫోటోలు తుడిచేదానికి నాకు మూడు సెకన్లు పట్టదప్పా! నీ పెట్టె ముసల్దయింది."

కోపం రావాల్సింది. రాలేదు. ఆ తొమ్మిదేళ్ళ నాటి నన్నే ఎవరో కొంచెం లావు చేసి ఎదురుగా కూర్చోబెట్టినట్టు అనిపించింది.

నంబర్లు రాసుకోవడానికి కౌంటరులో పనిచేసే ఒకామెను నాకు తోడిచ్చారు. చేనేత ఇంటి పిల్ల. మగ్గం దగ్గర పెరిగినందుకేమో, పదహారు డిస్కుల తీగలు చిక్కు పడకుండా నాకంటే వేగంగా గుచ్చేది. రెండో దఫా నడుస్తుండగా ఆమె తలుపు దగ్గరికి వెళ్ళి మెట్ల వైపు చూసి వచ్చింది.

"అన్నా, ఒక మాట. ఎవురికీ చెప్పొద్దు. నా రిపోర్టు ఒకటి వీటిల్లో ఉండాది. రెండేండ్ల కింద చేయించుకున్న్యా. మా అత్తోళ్ళింట్లో తెలీదు. తెలిస్తే నన్ను ఉండనీరు. అది ముందు తుడుస్తావా?"

ఏ రిపోర్టని నేను అడగలేదు. "ఏ డిస్కులో ఉందమ్మా?" అన్నాను.

"అది తెలిస్తే నేనే బండకేసి కొట్టి ఉందును గదన్నా. రిపోర్టులు అన్ని బ్రాంచీలకూ పోతాండె."

అంటే మూడు వందలూ తుడవాల్సిందే. ఒక్కటి మిగిలినా, ఆ ఒక్కటే ఆమెది కావచ్చు. పాతసామాన్ల వ్యాపారి దగ్గర కొనేది ఎవరు? నాలాంటి దుకాణదారులే. మా దగ్గర కొనేది? ఆమె అత్తగారి వీధిలో నెట్ సెంటరు ఆయనే కావచ్చు.

శుక్రవారం మధ్యాహ్నం కరెంటు పోయింది. సగం రాసిన పదహారూ మళ్ళీ మొదటికొచ్చాయి. అదే సమయానికి మేనేజరు పైకొచ్చాడు. నేను సద్ది విప్పుకుని తింటున్నాను.

"నువ్వు తింటాండావు, నీ పెట్టె పండుకోనుండాది. బాగుండాదప్పా మీ ఇద్దరి కాపురం."

కౌంటరు ఆమె ధైర్యం చేసింది. "సార్, మన స్టాఫు రిపోర్టులు గూడా వీటిల్లో ఉండాయి. ఇంకో నాలుగు దినాలు ఇయ్యండి సార్, అన్నీ పూర్తిగా తుడవనీండి."

"నీ రిపోర్టు ఎవడు చూస్తాడమ్మా? నువ్వేమన్నా సినిమా యాక్టరువా?" అని ఆయన నవ్వాడు. తోడు నవ్వేవాళ్ళు లేకపోయేసరికి ఇంకాస్త గట్టిగా, మా వాటా కూడా కలిపి నవ్వాడు. ఆమె తలెత్తకుండా నంబరు రాసుకుంటూ పోయింది. కలం మొన కాగితాన్ని చీల్చుకుని అవతలికి దిగింది.

శనివారం పొద్దున్నే డోన్ నుంచి మేనేజరు గారి బావమరిది దిగాడు. ఊరేగింపులకు మైకు సెట్లు బాడుగకిచ్చే మనిషి. సంచిలో నుంచి జొన్నరొట్టె అంత అయస్కాంతం ఒకటి బయటికి తీశాడు. పాత స్పీకరులోదట.

"అయస్కాంతం తగిలితే డిస్కు చచ్చిపోతాది. మూడు గంటలెందుకు, మూడు నిమిషాలు చాలు," అన్నాడు మేనేజరు.

తర్వాత జరిగింది నేను కళ్ళారా చూశాను కాబట్టి రాస్తున్నాను. లేకపోతే నేనూ నమ్మను. మేనేజరు చెప్పులు విడిచాడు. అయస్కాంతాన్ని రెండు చేతులా పట్టుకుని, కుప్ప చుట్టూ కుడి నుంచి ఎడమకు మూడుసార్లు, ఎడమ నుంచి కుడికి మూడుసార్లు తిప్పాడు. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అనడమొక్కటే తక్కువ. లాప్‌టాప్‌లోని చిన్న డిస్కు ఒకటి అయస్కాంతాన్ని కరుచుకుని పైకి లేచింది.

"చూడు బావా, ఎట్ల పట్టుకునిందో! లోపలున్నదంతా లాగేస్తాండాది!" అన్నాడు బావమరిది, నిజమైన భక్తితో. గుమ్మడికాయ ఉంటే అక్కడే పగలగొట్టేవారు.

మేనేజరు చెప్పులేసుకుని ధ్రువపత్రాల కట్ట నా ముందు పెట్టాడు. "సంతకం పెట్టప్పా. నీ చేతికేమైనా అరుగుదలా?"

అరిగింది నిజమే. తొమ్మిదేళ్ళు అట్లాంటి సంతకాలే పెట్టి ఉన్నాను. ఇంకొక మూడు వందలు పెడితే నా చేతికి తెలిసేది కూడా కాదు. కానీ ఆమె గోడకు ఆనుకుని నా చేతినే చూస్తోంది.

నేను బావమరిది వైపు తిరిగాను. "అన్నా, మీరెప్పుడైనా ఈ సెంటర్లో పరీక్షలు చేయించుకున్నారా?"

"పోయినేడు. మా డోన్ బ్రాంచిలో. ఏం?"

కుప్పలో నుంచి డోన్ అని చీటీ ఉన్న డిస్కులు ఏరి, ఒకదాన్ని నా లాప్‌టాప్‌కు తగిలించాను. దిష్టి తీసిన డిస్కు చక్కగా తెరుచుకుంది. పోయినేటి ఫోల్డరు, దాంట్లో నెలలు. "ఏ నెలన్నా?" అన్నాను.

ఆయన ముఖంలో భక్తి పోయింది. "చూపిస్తాదా అది?"

"పేరు, వయసు, ఊరు, ఫోను నంబరు, డాక్టరు రాసిన మాటలు, అన్నీ. ఎండాకాలమా, వానాకాలమా?"

వేలు ఇంకా కదిలించలేదు, ఆయన వచ్చి నా చేతి మీద చెయ్యేసి అదిమాడు. "ఆపప్పా! ఆపు సామీ! మూసెయ్!" మూసేశాను. ఆయన బావ వైపు తిరిగాడు. "బావా, ఈయప్పకు వారం కాదు, నెల ఇయ్యి. ఆ పాతసామాన్ల వాన్ని మళ్ళీ రమ్మను. డోన్‌వి మాత్రం ఈ పొద్దే తుడవాల, నేను ఈడనే కూర్చుంటా."

కూర్చున్నాడు కూడా. మూడు గంటలకొకసారి మాకు టీ తెప్పించాడు. మేనేజరు ఒకసారి వచ్చి తొంగిచూసి, 'సమాచార భద్రతలో మనం రాజీ పడేది లేదు' అని వెళ్ళిపోయాడు.

తర్వాతి శుక్రవారానికి పని పూర్తయింది. పెట్టెకు పలకని పదకొండు డిస్కులను నాపరాళ్ళు కోసేచోటికి మోసుకెళ్ళి, బండలకు బొక్కలేసే డ్రిల్లుతో ఒక్కోదానికి నాలుగు బొక్కలు వేయించాం. ఆమె ప్రతి బొక్కలోనూ వెలుతురు కనబడుతుందా లేదా అని ఆకాశానికి ఎత్తి చూసింది. పదకొండోది దించాక, "ఈ పొద్దు ఇంటికి పోయి నిద్రపోతా అన్నా," అంది.

ఇంకో వారానికి మేనేజరు ఫోన్ చేశాడు. గొంతు మెత్తగా ఉంది. "ఏమప్పా, నా రూములో కంప్యూటరు డిస్కు గూడా నీకే ఇచ్చినారంట గదా. ఎనిమిదేండ్ల సన్మానాల వీడియోలు దాంట్లోనే ఉండాయి. శాలువాలు కప్పినవి, నేను మాట్లాడినవి. తుడిచినా మళ్ళీ తేవచ్చని మా బావమరిదికి నువ్వే చూపిస్తివి గదా. అట్లనే నావీ తెచ్చియ్యి."

"ఆ రోజు చూపించింది తుడవనిది సార్. మీది తుడిచింది," అని ఆ డిస్కు ధ్రువపత్రం ఆయనకు వాట్సాప్‌లో పంపాను.

ఆయన డిస్కు చివరి దఫాలో వచ్చిన మాట నిజం. దాచుకునేవి ఏమైనా ఉన్నాయా సార్ అని మెట్ల మీద అడిగితే, "నాకు పాఠాలు చెప్పాకప్పా, నీ సున్నాలు నువ్వేసుకో" అన్న మాటా నిజమే. మంచివాడైతే రెండోసారి అడిగేవాడు. నేను అడగలేదు. పైకొచ్చి డిస్కు ఆమె చేతికిచ్చాను. ఆమె నంబరు రాసుకుని, గుచ్చి, మీట మీద వేలు పెట్టి ఆగింది.

"ఎన్నిసార్లు రాయమందామన్నా?"

"ఏడు."

"ఒకసారి చాలని నువ్వే అంటివి గదా?"

"ఒకసారి చాలమ్మా," అన్నాను. "ఏడు పెట్టు."