బొంగురు గొంతుకు వచ్చిన వేషాలు

దివిసీమలో ఒక పాడుబడ్డ బంగళాలో దెయ్యం సినిమా షూటింగ్. నాది మాంత్రికుడి వేషం. శాపం పెట్టే డైలాగ్ మధ్యలో గొంతు జీరపోయింది. నీళ్లు తాగినా సర్దుకోలేదు. సారీ చెప్పబోతుంటే డైరెక్టర్ పరిగెత్తుకొచ్చాడు.

"బాబాయ్, నాకు ఈ గొంతే కావాలి. తగ్గించుకోకండి, మీకు దణ్ణం పెడతాను."

నా పేరు ఖాదర్, మాది బందరు. ఏళ్ల తరబడి చిన్న సినిమాల్లో శవాలు, కాటికాపరులు, బైరాగులు వేశాను. ఒక్కడూ పేరు పెట్టి పిలవలేదు. అలాంటిది ఆ బొంగురు గొంతుతో మాంత్రికుడి వేషాలు వరసగా వచ్చాయి. ఇంట్లో మా ఆవిడ ఫాతిమా మిరియాల పాలు కాచి ఇస్తే తాగేవాణ్ణి కాదు. షాట్‌కు ముందు ఐస్ నీళ్లు తాగి, పక్కకెళ్లి అరిచి వచ్చేవాణ్ణి. గొంతు బాగుపడితే వేషాలు పోతాయని నా భయం.

"ఏవండీ, ఆ గొంతు వింటుంటే నాకు నిద్ర పట్టట్లేదు. గుడివాడలో చూపించుకుందాం రండి" అని ఫాతిమా పోరేది. ఈ సినిమా అయిపోనీ అనేవాణ్ణి. మింగితే నొప్పి, చెవిలో పోటు మొదలయ్యాకే వెళ్లాను.

ఈఎన్‌టీ డాక్టరుగారు ఎండోస్కోపీ చేసి, "ఎన్నాళ్లుగా ఉందండీ?" అన్నారు.

"ఏడాది దాటిందండీ."

"మరి ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు?"

"దీంతోనే నాకు వేషాలొచ్చాయండీ."

ఆయన తల పట్టుకున్నారు.

విజయవాడలో బయాప్సీ చేసి, మాట పలికించే వోకల్ కార్డ్ మీద క్యాన్సర్ అన్నారు. గొంతు నిలబెట్టాలని రేడియేషన్ ఇచ్చారు. మెడ చర్మం మాడింది. ఉమ్మి మింగాలన్నా ఏడుపొచ్చేది. కొన్ని నెలలు బాగానే ఉన్నాను. మళ్లీ వచ్చింది.

"ఇక లారింజెక్టమీ తప్పదు. స్వరపేటిక మొత్తం తీసేయాలి. ఇంట్లోవాళ్లతో మాట్లాడాల్సినవి ఉంటే మాట్లాడుకోండి" అన్నారు సర్జన్‌గారు.

ఆపరేషన్ ముందు ఫాతిమా పక్కన కూర్చుంది. పేజీలకు పేజీలు శాపాలు గుక్కతిప్పుకోకుండా చెప్పినవాణ్ణి, "అన్నం తిన్నావా?" అని మాత్రం అడిగాను. తిన్నానంది. అంతే.

ఇప్పుడు మెడలో స్టోమా, అంటే ఊపిరి తీసుకోవడానికి చేసిన రంధ్రం, దాని మీద పల్చటి గుడ్డ. సైగలతో, పలక మీద రాతతో రోజులు గడుస్తున్నాయి. అప్పుడప్పుడు శవం వేషానికి పిలుస్తారు. ఓపిక లేకపోయినా వెళ్తాను. ఊపిరికి మెడ మీద గుడ్డ కదులుతోందని షాట్ మళ్లీ మళ్లీ తీస్తారు. శవానికి కూడా పనికిరానా అని కడుపు మండుతుంది.

ఫోన్లో నా మాంత్రికుడి సినిమాలు వస్తే ఫాతిమా ఆపేస్తుంది. జబ్బుకు ముందెప్పుడో టీకొట్టువాడిగా వేసిన సినిమా వెతికి పెట్టుకుంటుంది. అందులో నాది ఒకటే మాట: "కూర్చోండి, టీ తెస్తాను." అది విని, వెనక్కి జరిపి మళ్లీ వింటుంది. పక్కన కూర్చుని నేనూ వింటాను.

గొంతు జీరపోయి రెండు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి. ఆ గొంతే బాగుందని ఎవరు మెచ్చుకున్నా సరే, ముందు వెళ్లండి.