మంచాలు తిప్పే అంతోనయ్య

అంతోనయ్య చేతులకు ఒక జబ్బుంది. ఏ వస్తువునూ ఉన్నచోట ఉండనివ్వవు. కుర్చీ కనబడితే తిప్పుతాడు, బల్ల కనబడితే జరుపుతాడు, మంచం కనబడితే ఇక చెప్పనే అక్కర్లేదు. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పనిచేసి రిటైరయ్యాడు. ఇంట్లో ఊరికే కూర్చోలేక, మణుగూరు అవతల ఒక ట్రస్టు వాళ్లు నడిపే ఎనిమిది మంచాల దవాఖానాలో వార్డు పనికి చేరాడు. అక్కడి హెడ్ నర్సు సునంద. ఏ జన్మలో చేసుకున్న పాపమో, ఈయన వచ్చి ఆమె నెత్తినే పడ్డాడు.

ఈ జబ్బు కొత్తదేమీ కాదు. ఒకసారి మంగలి షాపులో అద్దం ముందున్న కుర్చీని రోడ్డు వైపు తిప్పాడట. గడ్డం గీయించుకుంటున్న ఆసామి దారిన పోయేవాళ్లందరికీ తలతిప్పి నమస్తేలు పెట్టబోయి, చెవి కింద రెండు గాట్లు పెట్టించుకున్నాడు. చర్చిలో ఫాదర్ గారి కుర్చీకీ ఇదే గతి పట్టింది. భార్య మరియ సంగతి అడగొద్దు. సొంతింట్లో తడుముకుంటూ నడిచే మనిషి మణుగూరు మొత్తంలో ఆమె ఒక్కతే.

సునంద రోజూ పొద్దున డ్యూటీకి రాగానే చేసే మొదటి పని నెత్తి పట్టుకోవడం. సాయంత్రం బారుగా సర్దిపెట్టి వెళ్లిన మంచాలు తెల్లవారేసరికి ఒకటి కిటికీకి, ఒకటి తలుపుకి, ఇంకొకటి ఎటూ కాకుండా మూలగా తిరిగి ఉంటాయి. చూస్తే వార్డులా ఉండదు, పెండ్లివారి విడిదిలా ఉంటుంది. మంచాల నంబర్లేమో గోడ మీద రాసి ఉన్నాయి. ఏ నంబరు ఏ మంచానిదో తెలియక షుగర్ పేషెంటుకు పోవాల్సిన చప్పటి చాయ్ రెండో నంబరు సారయ్యకు పోయింది.

"నాకు షుగరెప్పుడొచ్చింది?" అని ఆయన ఒక పూటంతా దిగులుపడ్డాడు.

"అంతోనయ్యా! మల్ల ఎందుకు తిప్పినవ్?"

"జరంతనే, సిస్టరమ్మా."

"జరంతనా? సారయ్య తలుండే కాడ కాళ్లున్నయ్!"

"ఉంటే ఏమాయె? ఆయన కాళ్లే గదమ్మా."

ఈ మనిషితో ఎట్లా వేగాలో సునందకు అర్థమయ్యేది కాదు. కోప్పడితే నవ్వుతాడు. మెమో ఇస్తే మడిచి జేబులో పెట్టుకుని, ఆ మెమో రాసిన బల్లనే పక్కకు జరిపిపోతాడు.

ఇట్లా ఉండగా ఆరో నంబరు మంచం మీదికి బుల్లెమ్మ వచ్చింది. చర్ల అవతలి అడవి ఊరు. వెదురు కొట్టబోయి జారిపడితే కాలికి పెద్ద గాయమై చీము పట్టింది. పది రోజులు సూదులు పడాల్సిందే, మధ్యలో వెళ్లిపోతే కాలు తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. బుల్లెమ్మ మాత్రం గోడ వైపు తిరిగి పడుకుని, కంచం పక్కకు నెట్టేసి, ఒకటే మాట పట్టుకుంది.

"ఇంటికి పోత."

"కాలు పోతదే తల్లీ!"

"పోతె పోనీ. ఇంటికి పోత."

సునంద బతిమాలింది, భయపెట్టింది, తన టిఫిన్ డబ్బా తెచ్చి ముందు పెట్టింది. ఊహూఁ. మూడో రోజు పొద్దున వచ్చి చూస్తే ఆరో నంబరు మంచం వరండా తలుపులో ఇరుక్కుని ఉంది. తల వైపు లోపల, కాళ్ల వైపు బయట. బుల్లెమ్మ ఎదురుగా టేకుచెట్ల కింద మేస్తున్న మేకలను చూస్తూ రెండోసారి అన్నం పెట్టించుకుంటోంది. సునందకు ఆ అన్నం కనబడలేదు. మందుల బండి పోవడానికి తొవ్వ లేకపోవడం ఒక్కటే కనబడింది.

"రేపు ట్రస్టు హరిప్రసాద్ సార్ ఇన్స్పెక్షన్! మంచాలు వరుసల లేకుంటే ఈసారి నిన్ను తీసేస్తడు, నాకు మెమో ఇస్తడు. తెలుస్తుందా?"

"తెలుస్తుంది గని, సిస్టరమ్మా..."

"గని లేదు, గిని లేదు!"

మర్నాడు పొద్దున్నే సునంద నేల మీద సుద్దముక్కతో గీతలు గీసి, తానే దగ్గరుండి ఎనిమిది మంచాలనూ గోడవారగా వరుసలో పెట్టించింది. కడుపు నిండినంత సంతోషమైంది. ఆ సంతోషం పావుగంట కూడా నిలవలేదు. ఢామ్మని చప్పుడైంది. మంచం దిగబోయిన సారయ్య గోడకు ముఖం కొట్టుకున్నాడు.

"గోడ దిక్కు ఎందుకు దిగినవయ్యా?" అంది సునంద, ఆయన ముక్కుకు దూది అద్దుతూ.

"మా ఇంట్ల ఇటే దిగుత! ముప్పై ఏండ్ల అలవాటు. అందుకే గద, వచ్చిననాడే అంతోనయ్య అడిగి మరీ తిప్పిండు!"

"ఏమడిగిండు?"

"మీ ఇంట్ల మంచం ఎటుంటది, ఏ దిక్కు దిగుతవ్ అని. అందర్నీ అడుగుతడు."

సునంద దూదిని సారయ్య చేతిలోనే పెట్టేసింది. తలుపు దగ్గర తలవంచుకుని నిలబడిన అంతోనయ్య వైపు తిరిగింది.

"గీ ముక్క నాకెందుకు చెప్పలే?"

"నువ్వు గని లేదు, గిని లేదంటివి గదమ్మా. బాయిల మేం కూసునేముందు బయటికి తొవ్వ ఎటుందో చూసుకుంటం. నాకు నడుం ఇరిగి దవాఖానల పడ్డప్పుడు మూడు నెలలు గోడకెదురుంగ పండుకోబెట్టిన్రు. లేచినప్పుడల్లా యాడున్ననో సమజ్ కాక గుండె దడదడ కొట్టుకునేది. నడుం అతికింది గని పానం కుదురుకోలే. ఇంటి లెక్క పండుకుంటే ఆ భయముండదు."

"మరి బుల్లెమ్మది?"

"ఆమె మంచం ఇంటి బయటనే ఉంటదట, మేకలకెదురుంగ."

సునంద గబుక్కున ఆరో నంబరు వైపు చూసింది. మంచం వరుసలోనే ఉంది, గీత మీద చక్కగా. బుల్లెమ్మ లేదు. బట్టల మూట చంకన పెట్టుకుని, గోడ పట్టుకుని కుంటుకుంటూ గేటు దాకా వెళ్లిపోయింది. సునంద చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. అప్పుడే గేటు ముందు హరిప్రసాద్ గారి జీపు ఆగింది.

"సార్, రెండు నిమిషాలు," అని, బుల్లెమ్మ నడుం చుట్టూ చెయ్యేసి నడిపించుకొచ్చి, సునంద మంచం ఒక కొస తానే ఎత్తింది.

"సూస్తవేంది అంతోనయ్యా? ఆ కొస పట్టు, జల్దీ!"

హరిప్రసాద్ గారు వార్డులోకి వచ్చేసరికి మంచం మళ్లీ తలుపులో ఉంది.

"ఇదేంటి సిస్టర్! మంచం సగం బయట ఉంది?"

"అవ్ సార్. సగం బయట ఉంటేనే ఈమె దవాఖానల ఉంటది."

ఆయన కోపంగా మంచానికి అడ్డంగా వచ్చి నిలబడి, పెన్ను తీశారు. బుల్లెమ్మ మెడ ఇటు చాపింది, అటు చాపింది.

"జర పక్కకు జరుగయ్యా. మేకలు కనబడ్తలెవ్."

హరిప్రసాద్ గారు జరిగారు.

బుల్లెమ్మ పది రోజులూ ఉంది. కాలు దక్కింది. అంతోనయ్య ఉద్యోగమూ దక్కింది. సునందకు మెమో మాత్రం తప్పలేదు. దానికి జవాబు రాద్దామని తన గదిలోకి వెళ్లేసరికి ఆమె కుర్చీ కిటికీ వైపు తిరిగి ఉంది.

"అంతోనయ్యా!" అని దవాఖానా అదిరేలా అరిచింది. అరిచి, అలాగే కూర్చుని జవాబు రాయడం మొదలుపెట్టింది.